ఇంద్రుడు చంపింది అసలు ఎవరిని?

పెన్నొడ్డు (తాడిపత్రి):
మా ఊర్లో ఈ యేడు వాన కోసం విరాటపర్వం చదివించాలని మాట నడుస్తాంది. బుడ్డలు (వేరుశెనగ) విత్తినోళ్ళు మొగులు చూసుకుంటా కూర్చోనుండారు. ఆ మాటల్లోనే ఒకాయన, "వానదేవుడు ఇంద్రుడు కదప్పా, నీళ్ళు పట్టుకోని కూర్చున్నోణ్ణి ఆయన చంపిన కథే చదివిస్తే పోలా" అన్నాడు. సరే, ఆ వృత్రుడి కథ ఏందో చూద్దామని పుస్తకాలు తీసినా. ఒక్క వృత్రుడు కాదు, చాలామంది దొరికినారు.

ఋగ్వేదం మొదటి మండలం 32వ సూక్తంలో వాడు పాము. కాళ్ళు లేవు, చేతులు లేవు, కొండ మీద పడుకోని నీళ్ళను ఆపినాడు. ఇంద్రుడు వజ్రంతో కొడితే నీళ్ళు అంబా అంటా పోయే ఆవుల లెక్కన సముద్రానికి పోయినాయంట. కొడుకు చచ్చి కింద పడుంటే తల్లి దాను వాడి మీద పడుంది, దూడతో పడుకున్న ఆవు మాదిరి. శత్రువు తల్లిని అట్లా చూపించాల్సిన పని ఆ ఋషికి ఏముందో నాకు తెలీదు గానీ, ఆ ఋక్కు దగ్గర మాత్రం ఆగిపోయినా.

యజుర్వేదంలో తైత్తిరీయ సంహితకు వస్తే పాము పోయి కక్ష వచ్చింది. ఇంద్రుడు దేవశిల్పి త్వష్ట కొడుకు విశ్వరూపుణ్ణి చంపినాడు, త్వష్ట మిగిలిన సోమాన్ని అగ్నిలో పోసి పగ తీర్చుకునేదానికి వృత్రుణ్ణి పుట్టించినాడు. నాలుగు దిక్కులా బాణమేటు దూరం, బాణమేటు దూరం పెరుగుతా లోకాలను కమ్మేసినాడు. ఈ కథ మన సీమోళ్ళకు ఎవురూ విప్పి చెప్పనక్కర్లేదు.

యజ్ఞాలను వివరించే శతపథ బ్రాహ్మణంలో వృత్రుడే చంద్రుడు, అమావాస్య రాత్రి సూర్యుడు వాణ్ణి మింగేస్తాడు. అదే గ్రంథంలో ఇంకోచోట వాణ్ణి రెండు ముక్కలు చేస్తే సోమం ఉండే ముక్క చంద్రుడైంది, అసుర ముక్క ప్రాణులందరికీ కడుపైంది. భాగవతానికి వస్తే వాడు పార్వతి శాపం తగిలిన చిత్రకేతు మహారాజు, పరమ భక్తుడు. యుద్ధం మధ్యలో వజ్రం జారవిడుచుకున్న ఇంద్రుడికి, తీసుకో, కొట్టు అని ధైర్యం చెప్తాడు.

పాము, త్వష్ట కొడుకు, చంద్రుడు, కడుపు, భక్తుడు. వీళ్ళంతా ఒకరేనా? ఇంద్రుడు ఎవురితో కొట్లాడినాడు?

గుత్తికొండ:
ఇది కొత్త ప్రశ్న కాదు నాయనా. వేదంలో మాటలకు అర్థం చెప్పే నిరుక్తంలో యాస్కుడు ఇదే అడిగినాడు, "తత్కో వృత్రః?" (ఆ వృత్రుడెవరు?) అని. జవాబు కూడా రెండు ముక్కల్లో తేల్చినాడు. నైరుక్తులు (మాటల పుట్టుక చూసేవాళ్ళు) మేఘం అంటారు, ఐతిహాసికులు (పాతకథలు చెప్పేవాళ్ళు) త్వష్ట కొడుకైన అసురుడు అంటారు. తర్వాత తన మాట చెప్పినాడు: నీళ్ళూ వెలుగూ కలిస్తే వాన పుడుతుంది, దాన్నే యుద్ధంతో పోల్చి చెప్పినారు అని. వేదభాష్యం రాసిన సాయణుడు కూడా ఆ 32వ సూక్తం మొదట్లోనే పామును మేఘం చేసేసినాడు. మొగులు పగిలితే వాన. ఇంతకు మించి దీంట్లో ఏమీ లేదు.

ఆదోని కుర్రోడు:
సార్, మేఘమైతే వానిచ్చేది అదే కదా? దాన్నెందుకు చంపాల? అనంతపురంలో అడిగి చూడండి, మొగులు పట్టితే దండం పెడతారు గానీ శత్రువు అంటారా? సగటున 550 మిల్లీమీటర్లు కూడా కష్టంగా పడే జిల్లా అది.

జర్మన్ పండితుడు హిల్‌బ్రాంట్ అయితే వృత్రుడంటే చలికాలం, గడ్డకట్టిన మంచు అన్నాడు. ఆయన ఊరికి ఆయన వృత్రుడు. నాకు నచ్చేది చరిత్రకారుడు కోశాంబి చెప్పింది. పారే నదికి అడ్డంగా కట్టిన కట్టలే వృత్రుడు, వచ్చిన ఆర్యులు ఆ కట్టలు తెంచినారు, తెంచినోళ్ళే పాటలు కట్టుకున్నారు. అప్పుడు లెక్క సరిపోతుంది. శత్రువుకు కాళ్ళూ చేతులూ లేవు, పొడుగ్గా పడుంది, పగలగొడితే నీళ్ళు పోయినాయి. అంతకన్నా కట్టను ఎట్లా వర్ణిస్తారు?

పోరుమామిళ్ళ ఆడపడుచు:
తమ్ముడూ, నీ వాదన నాకు నచ్చింది, అందుకే భయమేస్తాంది. మా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేండ్లు పట్టిందని అందులోనే రాసుండాది. చెరువు కుదరాలంటే ఏమేమి కావాలో పన్నెండు లక్షణాలు చెప్పినారు. ఆ బుక్కరాయల కొలువులోనే సాయణుడు వేదానికి భాష్యం రాసినాడు. నీ లెక్కన ఆ కొలువులో ఒకరు కట్టలు తెంచినోడి స్తోత్రానికి భాష్యం రాస్తాంటే ఇంకొకరు కట్ట కట్టిస్తాండారు! సాయణుడు పామును మేఘం చేసింది ఊరికే కాదేమో.

ఇంకోటి. కట్ట తెగితే నీళ్ళు "విడుదల" అయినాయని సంబరపడేది కింద పొలం లేనోడే. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు కొట్టుకపోయినప్పుడు హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) కింద ఉండేవాళ్ళ మొహాలు చూసుంటే తెలిసేది.

మోడరేటర్:
గేటు సంగతి ఇంతటితో ఆపండి. ఎవరి హయాంలో ఏమైంది అనేదానికి వేరే చర్చ ఉంది, అక్కడ కొట్టుకోండి.

అహోబిలం దారి:
మీరంతా ఒక్క కాలంలో నిలబడి చూస్తాండారు. పెద్దలు దీనికి ఎప్పుడో దారి చూపినారు: కల్పభేదం, అంటే ఒక్కో సృష్టికాలంలో కథ ఒక్కో రకంగా నడుస్తుందని. ఒక కల్పంలో పాముగా వచ్చినాడు, ఇంకో కల్పంలో త్వష్ట కొడుకు, ఇంకో కల్పంలో చిత్రకేతు. యుద్ధం ఒకటే, మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. జయవిజయులు మూడు జన్మలెత్తి మూడుసార్లూ శత్రువులు కాలేదా? భాగవతం స్థలం, కాలం కూడా చెప్పింది: నర్మద ఒడ్డున, త్రేతాయుగం మొదట్లో. వజ్రం వాడి మెడ కోసేదానికే ఒక సంవత్సరం పట్టింది, ఉత్తరాయణం దక్షిణాయనం రెండూ తిరిగేదాకా. అది మామూలు కాలంలో జరిగే యుద్ధమని ఎట్లా అనుకుంటారు?

ఆదోని కుర్రోడు:
స్వామీ, కల్పభేదం అంటే ఏ రెండు కథలు కలవకపోయినా చెల్లుతుంది. కోర్టులో ఇద్దరు సాక్షులు రెండు మాటలు చెప్తే "వేరే కల్పంలో చూసినాడు యువరానర్" అన్నట్టుంటుంది.

అదీగాక కథలు ఒకదాంట్లోంచి ఒకటి దొంగిలించిన గుర్తులు కనపడతాండాయి. ఉద్యోగపర్వంలో వృత్రుడికి సంధి షరతులుండాయి: తడిదానితో కాదు పొడిదానితో కాదు, రాతితో కాదు కట్టెతో కాదు, పగలు కాదు రాత్రి కాదు. ఇంద్రుడు సంధ్యవేళ నురగతో చంపినాడు. ఆ నురగ ఋగ్వేదంలో వృత్రుడిది కాదు, నముచి అనే ఇంకో అసురుడిది. ఆ షరతులు మీ అహోబిలంలో హిరణ్యకశిపుడి దగ్గర మళ్ళీ కనపడతాయి. శత్రువు ఎవురో తెలీనప్పుడు ఇంకో శత్రువు చొక్కా తెచ్చి తొడుగుతారు, అంతే.

అహోబిలం దారి:
దొంగతనం అనబాకు నాయనా. అన్నీ తెలిసినోడివి, నోరు కొంచెం అదుపులో పెట్టుకో.

పెన్నొడ్డు:
ఇంతవరకూ ఎవురూ తీయని సాక్ష్యం ఒకటుంది. రామాయణం ఉత్తరకాండ. అక్కడ లక్ష్మణుడు రాముడికి చెప్పే కథలో వృత్రుడు మంచి రాజు. వాడి ఏలుబడిలో దున్నకుండానే భూమి పండేదంట. రాజ్యం కొడుక్కిచ్చి తపస్సుకు పోతే, భయపడిన ఇంద్రుడు విష్ణువును బతిమాలి, తపస్సులో ఉండంగానే చంపించినాడు... కాదు, విష్ణువు తేజస్సు అండతో తనే చంపినాడు. ఆ తర్వాత బ్రహ్మహత్య తగిలి ఇంద్రుడు కనపడకుండా పోతే భూమి ఎండిపోయింది, అడవులు ఎండిపోయినాయి, చెరువులు నదులు అడుగంటినాయి.

చూడండి ఎంత తలకిందులైందో. వేదంలో వీడున్నందుకు కరువు. ఇక్కడ వీణ్ణి చంపినందుకు కరువు. నాకు విరాటపర్వం చదివించే మా ఊరోళ్ళే తెలివైనోళ్ళు అనిపించింది, ఆ పర్వంలో వాన కోసం ఎవుర్నీ చంపాల్సిన పని లేదు.

పోరుమామిళ్ళ ఆడపడుచు:
మా ఒంటిమిట్టను పోతన ఊరంటాం, ఓరుగల్లు వాళ్ళు కాదంటారు, ఆ తగువు ఇక్కడ వద్దు. కానీ తెలుగు భాగవతంలో వృత్రుడి కథ ఉండే ఆరో స్కంధం పోతన చేతిది కాదు, ఏర్చూరి సింగన పూరించింది. చదివేవాళ్ళు ఆ మాట మనసులో పెట్టుకోని చదవండి. ఇంత గొప్ప శత్రువుకు మనకు పోతన పద్యం దక్కలేదు.

గుత్తికొండ:
నేను మేఘమన్నాను, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఒకటి చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టు. పదో మండలం 54వ సూక్తం, బృహదుక్థుడనే ఋషి ఇంద్రుణ్ణే ఎదురుగా పెట్టుకోని అంటాడు: "మాయేత్సా తే యాని యుద్ధాన్యాహుః, నాద్య శత్రుం నను పురా వివిత్సే." నీ యుద్ధాలని చెప్పుకునేవన్నీ మాయే, నీకు ఇవాళా శత్రువు దొరకలేదు, మునుపూ దొరకలేదు. శతపథం పదకొండో కాండలో ఇదే మాట కాస్త మార్చి ఎత్తుకోని, దేవాసుర యుద్ధాల గురించి ఇతిహాసాల్లో చెప్పేది జరగలేదని తేల్చేసింది. మొదటి కాండలో వృత్రుణ్ణి కోసి కడుపు చేసింది ఆ గ్రంథమే! రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకోని వేల ఏండ్లు వల్లె వేసినారు మనవాళ్ళు, ఒక్కటీ కొట్టేయలేదు.

పెన్నొడ్డు:
సార్, శత్రువే లేడనుకుందాం. మరి ఇంద్రుడు ఎందుకు పారిపోయినాడు?

పాము, మేఘం, రాజు, భక్తుడు, ఏ కథ తీసుకున్నా శత్రువు మారిపోతాడు. ఒక్కటి మారదు: గెలిచినోడు పరిగెత్తినాడు. 32వ సూక్తం 14వ ఋక్కు, "పామును చంపినాక దాని పగ తీర్చేదానికి వచ్చేది ఎవురని చూసినావు ఇంద్రా, నీ గుండెలో భయం దూరింది, బెదిరిన డేగ మాదిరి తొంభైతొమ్మిది ఏర్లు దాటిపోయినావు" అని. శతపథంలో వజ్రం విసిరి, తాను బలహీనుణ్ణనుకోని దూరంగా పోయి దాక్కున్నాడు. వనపర్వంలో వాడు చచ్చిపడినా నమ్మక, వజ్రం చేతిలోంచి పోయిందో లేదో తెలీక చెరువులో దూరినాడు. ఉద్యోగపర్వంలో నీళ్ళల్లో తామరతూడులో. భాగవతంలోనూ తామరతూడే, వెయ్యేండ్లు. శత్రువు మొహం మీద ఇద్దరు సాక్షులు కలవరు గానీ చంపినోడి పరుగు మీద అందరూ కలిసినారు. నేను నమ్మేది దాన్నే. అక్కడ ఏదో జరిగింది.

ఆదోని కుర్రోడు:
అన్నా, అయిదుగురు సాక్షులు కాదు, ఒక్కడే. ఆ ఋక్కు ముందు పుట్టింది, మిగతావాళ్ళు దాన్ని వింటా పెరిగినారు. ఒకరి దగ్గర విని నలుగురు చెప్తే సాక్ష్యం నాలుగింతలు కాదు.

పెన్నొడ్డు:
విని చెప్పినోళ్ళు మిగతావన్నీ ఎందుకు వదిలేసినారు మరి? పామును వదిలినారు. తల్లి దానును వదిలినారు. ఇంద్రుడు గుర్రం తోకవెంట్రుక అయిపోయినాడని 12వ ఋక్కులో ఉండాది, దాన్నీ వదిలినారు. దేవతల రాజుకు తలవంపులు తెచ్చే ముక్క ఒక్కటే పట్టుకోని యుగాల మీదుగా మోసుకొచ్చినారు. పొగిడేవాళ్ళు ముందు దాచేది అదే కదా?

ఆదోని కుర్రోడు:
దాచలేదు, ప్రతిసారీ కారణం మార్చినారు. ఋక్కులో భయం, ఎవురో వెంట పడుతున్నారని. శతపథంలో తాను చాలనని. తైత్తిరీయంలో తప్పు చేశానని. భారతంలో బ్రహ్మహత్య, ఆడిన అబద్ధం. పరుగు ఒకటే, కారణాలు నాలుగు. ఒకే మనిషి ఒకే రాత్రి పరిగెత్తినాడని నలుగురు చెప్పి, ఎవుర్ని చూసి పరిగెత్తినాడో నాలుగు రకాలుగా చెప్తే, వాళ్ళు కలిసినట్టా, కలవనట్టా? నువ్వు శత్రువును వాకిట్లోంచి పంపించి, దొడ్డిదోవన మళ్ళీ లోపలికి తెచ్చినావు.