చెరువు గట్టు మీది నుంచి లూర్ విసరడానికి ఎన్ని అడుగుల రాడ్ తీసుకోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మాది వరంగల్ దగ్గర పల్లె. చిన్నప్పటి నుంచి వెదురు గాలానికి ఎర్రలు గుచ్చి చేపలు పట్టినవాణ్ణే గానీ లూర్ల (చేపను మోసగించే ఉత్తుత్తి ఎరల) సంగతి కొత్త. కొర్రమీను కోసం 13 గ్రాముల రబ్బరు కప్ప, 10, 14 గ్రాముల స్పూన్లు (చెంచా ఆకారపు రేకు లూర్లు) తెప్పించాను. రాడ్ దగ్గర ఆగిపోయాను. షాపులో 9 అడుగులది తీసుకోండి, దూరం పోతుంది అన్నారు. తెలిసినాయన ఆరున్నర చాలంటున్నాడు. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. నేను నిలబడే చోట వెనకాలే తుమ్మచెట్లు. సంక్రాంతికి కాకినాడ వైపు అత్తగారింటికి వెళ్తాం, అక్కడ సముద్రంలో కూడా వేసి చూడాలని ఉంది. ఒకే రాడ్‌తో రెండూ అవుతాయా?

జవాబు, కరీంనగర్ నుంచి:
7 అడుగులు, మీడియం హెవీ, అంటే కాస్త గట్టి రాడ్. కళ్లు మూసుకుని కొనెయ్ అన్నా. సముద్రం సంగతి సంక్రాంతికి చూసుకోవచ్చు.

జవాబు, హనుమకొండ నుంచి:
తమ్ముడు చెప్పింది సరైనదే, కానీ కళ్లు తెరిచే కొనండి. 7 అడుగుల రాడ్లలో కూడా మీకు పనికిరానివి బోలెడున్నాయి.

ముందు పొడవు పక్కన పెట్టండి. రాడ్ మీద పిడికి కాస్త పైన చిన్న అక్షరాల్లో 7-21 గ్రాములు అనో, 10-30 గ్రాములు అనో రాసి ఉంటుంది. ఆ రాడ్ ఎంత బరువు లూర్లను విసరగలదో చెప్పే అంకె అది. విసిరినప్పుడు రాడ్ వంగి, మళ్లీ నిటారుగా లేస్తూ లూర్‌ని తోస్తుంది. 40-80 అని రాసున్న రాడ్‌కి 13 గ్రాముల కప్ప కడితే అది వంగనే వంగదు. మన భుజం నొప్పి పుడుతుంది, కప్ప మాత్రం ఎదురుగానే పడుతుంది.

నేను మొదట కొన్నది 10 అడుగుల సముద్రపు రాడ్. పెద్దదైతే మంచిదే కదా అనుకున్నాను. మొదటి రోజు పొద్దున్నే మూడు లూర్లు వెనక తుమ్మకొమ్మల్లో పోయాయి. నాలుగోది ఎలాగో నీళ్లలో పడింది. దాన్ని చుట్టుకుంటుంటే కొర్రమీను నా కాళ్లకు రెండు గజాల దూరంలో, గట్టు అంచున గడ్డిలోంచి లేచి కొట్టింది! అంత పొడుగు రాడ్‌తో అంత దగ్గర చేపను ఏం చేయాలో తెలియక నిలబడ్డాను. అది పోయింది.

అసలు విషయం అక్కడే ఉంది. కొర్రమీను గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చే చేప. తూటికాడ, గుర్రపుడెక్క, కలువాకుల మధ్య, చాలాసార్లు ఒడ్డు పక్కనే ఉంటుంది. మీకు కావలసింది దూరం కాదు, ఆకుల మధ్య పళ్లెమంత ఖాళీలో కప్పను దించడం. ఆ గురి పొట్టి రాడ్‌తో తొందరగా కుదురుతుంది.

పొడుగు రాడ్‌తో దూరం పోతుందన్న మాట అబద్ధం కాదు. కొన ఎక్కువ మేర తిరుగుతుంది, వేగం పెరుగుతుంది. చేప తగిలాక మాత్రం ఆ పొడుగే మనకు ఎదురు తిరుగుతుంది, ఎందుకంటే చేప లాగేది అవతలి కొనను. గుర్రపుడెక్కలోకి దూరబోతున్న కిలోన్నర కొర్రమీనును 9 అడుగుల రాడ్‌తో ఆపి చూడండి, మణికట్టే చెబుతుంది.

కొనకముందు ఊళ్లోనే తేల్చుకోండి. 7 అడుగుల వెదురు కర్ర కొనకు గుడ్డపీలిక కట్టి, మీరు నిలబడే చోటికే వెళ్లి తల మీదుగా, పక్క నుంచి విసిరినట్టు ఊపండి. గుడ్డ తుమ్మకు తగిలితే ఆ పొడవు మీ గట్టుకు కాదు. తర్వాత కర్ర కొనను నీటివైపు వంచి చిన్న చిన్న కుదుపులు ఇవ్వండి. కప్పను ఆడించేది అలాగే. మీ ఎత్తుకి, నీటి అంచున నిలబడితే 8 అడుగుల కర్ర కొన నీళ్లను, గడ్డిని కొడుతూనే ఉంటుంది. గట్టు ఎత్తుగా, రాతికట్టుతో ఉంటే మాత్రం అర అడుగు పెంచుకోవచ్చు.

ఇంకో మాట. పొలాల మీద కిందికి వేలాడే కరెంటు తీగలున్న చోట ఈ రాడ్లు ఎత్తొద్దు. కార్బన్‌లో కరెంటు పారుతుంది. ఉరుము వినపడినా అంతే, రాడ్ కింద పెట్టి వచ్చేయండి. చెరువులో చేపల హక్కు మత్స్యకారుల సంఘానిదైతే వాళ్లను ముందే అడగండి.

జవాబు, కాకినాడ నుంచి:
అన్నగారు చెరువు గురించి చెప్పింది బాగుంది. మా వైపు రాళ్లగట్టు మీద నిలబడితే లెక్క వేరండి. కింద అల విరుగుతూ ఉంటుంది, 7 అడుగులైతే లైన్ రాళ్లకు రాసుకుని తెగుతుంది. ఎనిమిదిన్నర నుంచి 9 అడుగులు, 15-40 గ్రాముల రాడ్ ఉంటే పార చేపలకీ, పండుగప్పకీ సరిపోతుంది. గాలికి ఎదురు విసరాలంటే లూర్ కూడా కాస్త బరువుండాలి. ఉప్పుటేరు ఒడ్డున అయితే మీ 7 అడుగులే చాలు. పండుగప్ప మొప్పల అంచు కత్తిలా ఉంటుంది, లీడర్ (లూర్‌కి ముందు కట్టే గట్టి దారం) లేకుండా వేయకండి. ఇంటికి రాగానే రాడ్ రింగుల్ని, రీల్‌ని మంచినీళ్లతో కడగాలి. ఒకే రాడ్‌తో రెండు పనులు చేస్తే రెండూ సగం సగమే అవుతాయండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నా. బండి మీద వెళ్లాలి కాబట్టి ఒకదాంట్లోంచి ఒకటి లాగే రాడ్ తీసుకోవచ్చా? షాపులో రాడ్ మీద 702ఎంహెచ్ అని ఉంది, అదేంటి?

జవాబు, హనుమకొండ నుంచి:
లూర్లకు లాగే రాడ్ వద్దు. రోజంతా విసురుతుంటే ముక్కలు తిరిగిపోయి రింగులు వంకరవుతాయి, ఇసుక పడితే కీళ్లు బిగుసుకుంటాయి. రెండు ముక్కల రాడ్ తీసుకోండి. 7 అడుగులది విప్పితే మూడున్నర అడుగులు, బండి పక్కన కట్టేసుకోవచ్చు. 702 అంటే 7 అడుగుల 0 అంగుళాలు, 2 ముక్కలు. 662 అంటే ఆరడుగుల ఆరంగుళాలు, 2 ముక్కలు. ఎంహెచ్ అంటే మీడియం హెవీ. కొన్నిటి మీద సెంటీమీటర్లు ఉంటాయి: ఆరున్నర అంటే 198, ఏడు అంటే 213.

పిడి కూడా చూడండి. రీల్ పట్టుకునే చోట చెయ్యి పెట్టి, పిడిని ముంజేతి వెంట ఆనించండి. పిడి కింది చివర మోచేతి దగ్గరో, ఒకటి రెండు అంగుళాలు దాటో ఆగాలి. అంతకన్నా పొడుగైతే కప్పను కుదిపిన ప్రతిసారీ డొక్కలో పొడుస్తుంది.

దూరం మీద ఇంకా మనసుంటే లైన్ మార్చండి. మందపాటి నైలాన్ తీసేసి సన్నటి బ్రెయిడ్ (అల్లిన దారం), స్పూల్ (రీల్‌లో లైన్ చుట్టుకునే చక్రం) అంచుకు ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువగా నింపండి. రాడ్ ఒక అడుగు పెంచడం కన్నా అది ఎక్కువ పని చేస్తుంది.

వానలు పడ్డాక నీటి మీద కుంకుమ చల్లినట్టు ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే అక్కడ వేయకండి. కింద తల్లి, తండ్రి కాపలా ఉంటాయి. వేస్తే తప్పకుండా తగులుతాయి, వద్దనేది అందుకే. మన తెలంగాణ రాష్ట్ర చేపకు ఆమాత్రం మర్యాద ఇద్దాం.

ప్రశ్న అడిగినవారు:
వెదురు కర్రకు గుడ్డ కట్టి చూశాను, మా ఊరి పిల్లలంతా చేరి నవ్వారు. తల మీదుగా ఊపితే 7 అడుగులకు తుమ్మ తగిలింది, అరచేయంత కోస్తే తగల్లేదు. అందుకే 662 తీసుకున్నాను, 10-30 గ్రాములు. పొద్దున వెళ్లి వేస్తే అనుకున్న చోటే పడుతోంది. రెండుసార్లు కొర్రమీను ఢామ్మని లేచింది, లేవగానే లాగాను, రెండుసార్లూ కప్ప ఒట్టిగా వచ్చేసింది.

జవాబు, హనుమకొండ నుంచి:
రాడ్ సరైనదే దొరికింది. ఇక తొందర తగ్గించుకోవాలి. ఆ కప్పకు గాలాలు వీపు మీద ఒదిగి ఉంటాయి, నోట్లో నలిగితేనే బయటికి వస్తాయి. చప్పుడు విని లాగొద్దు. కప్ప మునిగాక లోపల ఒకటి, రెండు అనుకోండి, లైన్ బిగిసిందని చేతికి తెలిశాక గట్టిగా కొట్టండి.