పన్నెండేళ్లు నిండబోతున్న డిక్రీ: ఈపీ (అమలు పిటిషన్) వేయాలా, వదిలేయాలా?

నాగావళి (ఆమదాలవలస): మా నాన్న పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారికి ప్రోనోటు మీద డబ్బిచ్చారు. 2014 సెప్టెంబరులో 2 లక్షలకు, 6 శాతం వడ్డీతో కట్టాలని కోర్టు డిక్రీ వచ్చింది. దాన్ని అమలు చేయమని నాన్న ఈపీ వేయలేదు. ఆయన పోయాక ట్రంకుపెట్టెలో డిక్రీ కాపీ దొరికింది. ఈ సెప్టెంబరుకి 12 ఏళ్లు. వేయమంటారా?

పాతగుమస్తా (శ్రీకాకుళం): వెంటనే వేయండి. లిమిటేషన్ చట్టం 136వ ఆర్టికల్ ప్రకారం డిక్రీ అమలుకి గడువు 12 ఏళ్లే. వారసులుగా మీరు వేయొచ్చు. డిక్రీ వచ్చి రెండేళ్లు దాటింది కాబట్టి ముందు అవతలివాళ్లకి నోటీసు వెళ్తుంది.

రావు (చీపురుపల్లి): అంత టెన్షన్ ఎందుకు? మధ్యలో కొంత కట్టుంటే ఆ రోజు నుంచి మళ్లీ లెక్క మొదలు. మా బావ ప్రోనోటుకి అలాగే జరిగింది.

నాగావళి: 2019లో 10 వేలు ముట్టినట్టు నాన్న నోటుబుక్కులో ఉంది.

రావు: చూశారా! 2031 దాకా ఢోకా లేదు.

పాతగుమస్తా: ప్రోనోటు వేరు, డిక్రీ వేరు. ప్రోనోటు మీద మూడేళ్లలోపు జమ రాసి సంతకం పెడితే గడువు పెరుగుతుంది. డిక్రీకి పెరగదు. ఈ మాట నమ్మి కూర్చుంటే మీ డిక్రీ చిత్తుకాగితమే.

రావు: మా బావ కేసులో జడ్జిగారే ఒప్పుకున్నారండి.

పాతగుమస్తా: అది దావా. ఇది అమలు. ఎన్నిసార్లు చెప్పాలి?

జీడితోట (వజ్రపుకొత్తూరు): గడువు గొడవ తర్వాత. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా వైపు జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. ఆ మరుసటేడే 10 వేలు ఇచ్చినవాడు ఎగ్గొట్టే మనిషి కాడు. అతని ఇంటి మీదికి జప్తు చేసే కోర్టు అమీనుని పంపుతారా?

నాగావళి: నాన్న ఆపరేషన్‌కి అడిగితే ఫోనెత్తలేదండి. అప్పుడు మా మీద జాలి ఎవరికుంది?

జీడితోట: మా ఇంటికి అమీను వచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతి. వీధిలో డప్పు కొట్టించి, తలుపుకి జప్తు కాగితం అంటించారు. మైదా జిగురు తలుపు మీద కారుతుంటే అమ్మ తడిగుడ్డ పట్టుకొచ్చింది. ముట్టుకోవద్దన్నారు. ఆ సంక్రాంతికి నాన్న గడప దాటలేదు. రెండెకరాల రైతు ఆయన.

పాతగుమస్తా: సేద్యం మీద బతికే రైతు ఉంటున్న ఇల్లు జప్తుకి రాదండి. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 60వ సెక్షన్. అప్పుడే అభ్యంతరం వేయాల్సింది.

జీడితోట: ఆ మాట మాకు చెప్పిందెవరు? మా వీధిలో ఒక్కరికైనా తెలుసా? మీ సెక్షన్లు అప్పిచ్చినవాడికే అందుతాయి. నా కోపం దాని మీద. బాకీ తీర్చొద్దని నేననలేదు.

పాతగుమస్తా: ముప్పై ఏళ్లు ఆ కాగితాలు నా చేత్తోనే టైపు చేశాను. అవతలి ఇంటివాళ్లకి ఒక్కరికీ చెప్పలేదు. నా పని కాదనుకున్నాను.

నాగావళి: ఇల్లు నాకొద్దు. ఈపీ మాత్రం వేస్తాను. ఆ 10 వేలు ముట్టాయని నేనే రాసిస్తాను.

పాతగుమస్తా: రాయాలి కూడా. బయట ఇచ్చింది కోర్టులో నమోదు కాకపోతే అమలు కోర్టు లెక్కలోకి తీసుకోదు. అతను నష్టపోతాడు.

జీడితోట: నోటీసు అందేలోపు ఒకసారి పలాస వెళ్లి ఆ నోటుబుక్కు పేజీ అతనికి చూపించండి.

నాగావళి: ఆదివారం వెళ్తాను.

పాతగుమస్తా: వెళ్లండి. కానీ ఈపీ దాఖలు చేశాకే.