అప్‌డేట్: ఇల్లు వదిలిన ఆ చైనా అమ్మాయి కథ దొరికింది

"నేను నా సొంతం" అంటూ ప్రియుడి కారులో ఇల్లు విడిచి వెళ్లే అమ్మాయి కథ ఏదని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. అసలు నేను రెండు రచనలు కలిపేశాను. కారు, చీటీ రాసిపెట్టి వెళ్లడం చైనా రచయిత హూ షీ 1919 నాటికలోవి. "నేను నా సొంతం" అన్న మాట మాత్రం మరో చైనా రచయిత లూ షున్ 1925లో రాసిన కథలో నాయిక జిజున్‌ది.

లూ షున్ 1923 ప్రసంగం చూడమన్న సలహాతోనే చిక్కు వీడింది. ఇల్లు వదిలిన నోరాకి (ఇబ్సెన్ నాటకం 'ఎ డాల్స్ హౌస్' నాయిక) చేతిలో డబ్బు లేకపోతే చెడిపోవడమో, తిరిగి రావడమో తప్ప దారి లేదంటాడు అందులో. జిజున్‌కి జరిగిందీ అదే. ఆమె ప్రియుడి ఉద్యోగం పోతుంది, పెంచిన కోళ్లు కూరైపోతాయి, చివరికి ఆమె తండ్రి వచ్చి ఆమెను తీసుకెళ్తాడు. వెళ్తూ ఉప్పు, ఎండుమిర్చి, పిండి, సగం క్యాబేజీ, కొన్ని పదుల రాగి నాణేలు ప్రియుడి కోసం ఒక్కచోట చేర్చి పెడుతుంది. గుండె పిండేసేది ఆ చిన్న కుప్పే.

కొందరు సూచించిన చైనా రచయిత్రి డింగ్ లింగ్ కథలు గొప్పవే గానీ, ఈ వెతుకులాటకి సంబంధం లేదు.