దెబ్బ పడుతున్నా చెయ్యెత్తకపోవడం భయమా, ధైర్యమా?

ప్రశ్న:
ఎనిమిదో తరగతికి సోషల్ చెప్తాను. మొన్న గుజరాత్‌లోని ధరాసన ఉప్పు సత్యాగ్రహం పాఠం వచ్చింది. 1930 మే 21న సరోజినీ నాయుడు నాయకత్వంలో వాలంటీర్లు వరసగా ఉప్పు కొఠార్ల వైపు నడిచారనీ, పోలీసులు లాఠీలతో తలలు పగలగొడుతున్నా అడ్డుగా చెయ్యి కూడా ఎత్తలేదనీ చెప్పాను. ఒకమ్మాయి లేచి, "టీచర్, దెబ్బ పడుతుంటే చెయ్యి దానంతటదే లేస్తుంది కదా! దాన్ని ఆపుకోవడం భయమా, ధైర్యమా?" అంది. రేపు చెప్తానన్నాను. రెండు రోజులైంది. ఎదుటివాడి మనసు కరిగించడానికని చెప్పబోతే నాకే నమ్మకం కుదరడం లేదు. లాఠీ పట్టినవాళ్లు ఆ రోజు ఆగలేదు కదా.

జవాబు:
భయం అన్న మాటకు గాంధీయే సమాధానం చెప్పారండి. పిరికితనం, హింస తప్ప మూడో దారి లేకపోతే హింసనే ఎంచుకోమంటానని 1920లో రాశారు. 'పాసివ్ రెసిస్టెన్స్' (తిరిగి కొట్టకుండా ఎదిరించడం) అన్న మాట బలహీనుల ఆయుధంలా వినిపిస్తుందనే సత్యాగ్రహం అన్న పేరు పెట్టుకున్నారు.

జవాబు:
టీచర్ గారూ, ఆ పాపకు ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న పెషావర్ సంగతి చెప్పండి. ధరాసనకు నెల ముందు, ఏప్రిల్ 23న, అక్కడి కిస్సా ఖ్వానీ బజారులో జనం మీద బ్రిటిష్ సైన్యం కాల్పులు జరిపితే ఎంతోమంది చనిపోయారు. అక్కడే ఆ సైన్యంలోని గఢ్వాల్ రైఫిల్స్ దళం సిపాయిలు కొందరు తుపాకీ ఎత్తం అన్నారు. ఎదురుగా ఉన్నది పఠాన్ ముస్లింలు, ఈ సిపాయిలు హిందువులు. ఆయుధం లేనివాళ్ల మీద కాల్చడానికి చేతులు రాలేదు. వాళ్లకు నాయకత్వం వహించిన చంద్రసింగ్ గఢ్వాలీకి యావజ్జీవ శిక్ష పడింది. దొర మనసు కరగాల్సిన పనే లేదండి. దొర ఆజ్ఞ ఇచ్చినా కాల్చేది సిపాయే. ఆ సిపాయి మానేస్తే ఆజ్ఞ నోట్లోనే ఉండిపోతుంది. జనం ఒక్క రాయి విసిరినా సిపాయికి కాల్చడానికి సాకు దొరుకుతుంది. అందుకే ఆ చెయ్యి లేవకూడదు.

జవాబు:
ఒప్పుకుంటాను. కానీ గెలిచిన కథలే చెప్పకండి. 1921లో చీరాల, పేరాల జనం మున్సిపాలిటీ పన్ను కట్టేది లేదంటూ ఇళ్లు వదిలేసి ఊరవతల రామనగరంలో పాకలు వేసుకున్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట పదకొండు నెలలు ఎండావానా ఓర్చుకున్నారు. చివరికి తిరిగి ఇళ్లకు రాక తప్పలేదు. పిల్లాపాపలతో పాకల్లో గడిపిన ఆ తల్లుల ధైర్యం నాకు ధరాసనకు తీసిపోయిందనిపించదు.

ప్రశ్న వేసినవారు:
అందరికీ నమస్కారాలు. సిపాయి గురించి నేను ఆలోచించనే లేదు. పాఠమంతా కొట్టించుకున్నవాళ్ల వైపు నుంచే చెప్పాను. రేపు మొదటి పీరియడ్ ఆ క్లాసే. పెషావర్ చెప్పి, చీరాల కూడా చెప్తాను. "మరి వాళ్లు ఓడిపోయారా టీచర్?" అని ఆ అమ్మాయి అడగకుండా ఉండదు. అప్పుడు మళ్లీ ఇక్కడికే వస్తాను.