దాతల పేర్ల పలక నిండిపోయింది. మార్చుకునే బోర్డు పెట్టినవాళ్లు చెప్పండి

కృష్ణాతీరం
అందరికీ వందనాలు. మాది మచిలీపట్నం దగ్గర ఒక క్రైస్తవ సంఘం. మా గుడికి (చర్చికి) ఆనుకుని సండేస్కూల్ హాలు కడుతున్నాం. గుమ్మం పక్క గోడలో గుడి కట్టినప్పటి పాలరాయి పలక ఉంది. దాత పేరు, ఎదురుగా రూపాయలు చెక్కి ఉన్నాయి. ఇంకో పేరు పట్టే చోటు లేదు. పైగా ఇప్పుడు ఎవరూ ఒకేసారి ఇవ్వడం లేదు. నెలనెలా కవర్లో కొంత, కోతల పండుగకు కొంత ఇస్తున్నారు. రాయి మీద చెక్కిస్తే మళ్లీ మార్చలేం. అందుకే ఎప్పటికప్పుడు పేర్లు మార్చుకునే బోర్డు పెట్టాలని కమిటీలో అనుకున్నాం. ఎల్ఈడీ మంచిదా, అక్రిలిక్ మంచిదా? పేరు పక్కన మొత్తం రాయాలా? గుడి లోపల పెట్టాలా, వరండాలోనా? పెట్టాక మీ దగ్గర కానుకలు పెరిగాయా?

గోదావరి_ట్రెజరర్
మొత్తం మాత్రం రాయకండి బ్రదర్. మా సంఘంలో ప్రహరీ కట్టినప్పుడు పెద్ద మొత్తం పైన, చిన్న మొత్తం కింద, ఆ వరుసలో ఫ్లెక్సీ వేయించారు. ఐదు వేలు దాటితేనే పేరు అన్నారు. ఇటుక బట్టీలో పనిచేసే కుటుంబాలు వారం వారం కవర్లో వేసినది కలిపితే అంతకంటే ఎక్కువే అయింది. విడివిడిగా వచ్చింది కాబట్టి లెక్కలోకి రాదన్నారు. పుస్తకం తీసి చూపించాను, వినలేదు. వాళ్లలో కొందరు ఇప్పుడు పక్క ఊరి మందిరానికి వెళ్తున్నారు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి 6లో ప్రభువే చెప్పాక ఇంకా చర్చ దేనికి?

పీ10_మాస్టారు
ఎల్ఈడీ గురించి నేను చెప్తాను. ఈ పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను, హిందూ గుళ్లకీ చర్చిలకీ కూడా బిగించాను. మార్కెట్లో దొరికే పీ10 మాడ్యూల్ (ఎల్ఈడీ బోర్డు కూర్చే చిన్న పలక) ఒక్కోటి 32 అడ్డం, 16 నిలువు చుక్కలు. 16 చుక్కల ఎత్తులో ఇంగ్లీషు బాగా వస్తుంది, తెలుగు రాదు. అక్షరం పైన గుడి గుర్తు, కింద వత్తు వస్తే అక్షరానికి మిగిలేది ఏమీ ఉండదు. "క్రీస్తు" అని టైప్ చేస్తే వత్తు పక్కకు వెళ్లి పడుతుంది. కంట్రోలర్ యాప్‌లో నేరుగా తెలుగు టైప్ చేయకండి. కంప్యూటర్లో పేర్లన్నీ బొమ్మగా చేసి ఎక్కించండి. మాడ్యూళ్లు రెండు వరసలు పెట్టించి 32 చుక్కల ఎత్తు తీసుకోండి. ఇంకో మాట, పీ10 బయట ఎండలో దూరం నుంచి చూడడానికి చేసింది. గుడి లోపల పెడితే ప్రసంగం వినేవాళ్ల కళ్లన్నీ దాని మీదే ఉంటాయి.

పల్నాడు_పెద్ద
ట్రెజరర్ గారూ, మత్తయి 6 ఒక్కటే బైబిలా? సంఖ్యాకాండం 7 తీయండి. బలిపీఠం ప్రతిష్ఠకు పన్నెండు గోత్రాల ప్రధానులు అర్పణలు తెస్తే, ఎవరు ఏ రోజు ఏం తెచ్చారో పేరుపేరునా రాశారు. మోషే కాలంలోనే దాతల బోర్డు ఉంది! మా తాతగారి పేరు మా ఊరి గుడి పలక మీద ఉంది. ఆ పేరు చూసే మా నాన్న ఇచ్చారు, నాన్నను చూసి నేను ఇస్తున్నాను. మొత్తం కూడా ఉంది. ఆ రోజుల్లో అంత ఇవ్వడానికి ఆయన ఎంత కష్టపడ్డారో మా పిల్లలకు తెలియాలంటే అంకె కనబడాలి. దాచిపెడితే ఆదర్శం ఎలా అవుతుంది?

గోదావరి_ట్రెజరర్
అదే అధ్యాయం మళ్లీ చదవండి పెద్దగారూ. పన్నెండుమందీ తెచ్చింది ఒక్కటే. 130 తులాల వెండి గిన్నె, 70 తులాల ప్రోక్షణపాత్ర, ధూపద్రవ్యంతో నిండిన బంగారు ధూపార్తి. ఒకరిది ఎక్కువ, ఒకరిది తక్కువ అని లేదు. "అందరూ అంతే తెచ్చారు" అని ఒక్క వచనంలో తేల్చేయవచ్చు. అలా కాకుండా ప్రతి ఒక్కరికీ అన్నే మాటలు, అంతే చోటు ఇచ్చారు. మీరు చూపించిన అధ్యాయం నా మాటనే బలపరుస్తోంది.

పల్నాడు_పెద్ద
అందరూ సమానంగా తెచ్చారు కాబట్టి సమానంగా రాశారు. సమానంగా ఇవ్వనప్పుడు సమానంగా రాయడం ఏం న్యాయం? ఒకాయన స్థలం అమ్మి ఇచ్చాడు, ఇంకొకరు వంద ఇచ్చారు, ఇద్దరిదీ ఒకే సైజు అక్షరమా?

మెదక్_మేస్త్రి
వందనాలండి. నేను తాపీ పని చేస్తాను. మా మండలంలో ఒక గుడికి స్లాబు పోసే రోజుల్లో కూలి తీసుకోకుండా పనిచేశాను, నాతో పాటు ఇంకొందరు చేశారు. ప్రతిష్ఠ రోజు సిమెంటు ఇచ్చినవాళ్లకు, ఫ్యాన్లు ఇచ్చినవాళ్లకు శాలువాలు కప్పారు. ఫ్యాన్ రెక్క మీద కూడా దాత పేరు రాయించారు. గోడ కట్టినవాళ్ల పేరు ఎక్కడా లేదు. మెదక్ చర్చి కరువు రోజుల్లో జనానికి పని, తిండి పెడుతూ కట్టారు. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ అయింది. కట్టించిన మిషనరీ పోస్నెట్ దొరగారి పేరు చూడ్డానికి వచ్చే ప్రతి ఒక్కరూ చెప్తారు. రాళ్లు మోసినవాళ్లలో ఒక్కరి పేరు చెప్పమనండి. వంద, వెయ్యి అని కొట్లాడుకునే ముందు మీ బోర్డులో పని ఇచ్చినవాళ్లకు ఒక వరుస పెట్టండి.

సండేస్కూల్_టీచరమ్మ
మేస్త్రి గారూ, మీ మాట చదివి నాకు బైబిల్లో నెహెమ్యా 3 గుర్తొచ్చింది. యెరూషలేము గోడలో ఏ భాగాన్ని ఎవరు బాగుచేశారో వరసగా ఉంటుంది. కంసాలి, పరిమళద్రవ్యాలు చేసేవాడు, తన కూతుళ్లతో కలిసి పనిచేసిన షల్లూము, అందరూ ఉన్నారు. ఎవరు ఎన్ని రూకలిచ్చారో లేదు, ఎవరు ఏ చోట పనిచేశారో ఉంది.

మాది విజయనగరం వైపు. మేం ప్లైవుడ్ మీద చెట్టు చేశాం. కొమ్మలకు చిన్న కొక్కేలు, రంగు అట్టతో ఆకులు. నెలలో ఏది ఇచ్చినా ఒక ఆకు. డబ్బు ఇస్తే ఆకు, హాలు ఊడిస్తే ఆకు, బల్లలు మోస్తే ఆకు. అన్నీ ఒకే సైజు. పేరు పిల్లలే రాస్తారు. నెల మారగానే ఆకులు తీసి రిజిస్టర్‌లో అంటించి కొత్తవి వేలాడదీస్తాం. పెద్ద కానుకలు పెరిగాయని చెప్పను. ఇచ్చేవాళ్లు మాత్రం ఎక్కువమంది అయ్యారు. గుప్పెడు బియ్యం తెచ్చే అమ్మలు కూడా ఆకు కోసం ఆగి అడుగుతున్నారు.

కోతల_పండుగ
బోర్డు మీద పేరు వద్దనేవాళ్లు కోతల పండుగ వేలంపాట కూడా ఆపుతారా? గుమ్మడికాయ, కోడిపుంజు, అరటి గెల పెట్టి "ఫలానా వారు రెండు వేలు, ఇంకెవరైనా?" అని మైకులో అరుస్తారు. అక్కడ పేరూ మొత్తమూ రెండూ వినిపిస్తాయి. సగం సంఘాలకు ఏడాది ఖర్చు ఆ ఒక్క రోజు మీదే నడుస్తుంది. మైకులో తప్పు కానిది గోడ మీద తప్పెలా అవుతుంది?

గోదావరి_ట్రెజరర్
వేలంపాటలో మొదటి పంట తెచ్చిన పేద రైతు పేరు ఎవరైనా చదువుతారా? కొన్నవాడి పేరే చదువుతారు. అదీ ఆపాల్సిందే.

కోతల_పండుగ
ఆపితే మీ ఊళ్లో కరెంటు బిల్లు మీరు కడతారా? ట్రెజరర్ అయ్యుండి ఇలా మాట్లాడితే ఎలాగండి? మా ఊళ్లో వేలంపాట రోజు ఊరంతా వస్తుంది, హిందువులూ వేలం పాడతారు. కొన్న కాయ మళ్లీ గుడికే ఇచ్చి రెండోసారి వేలం వేయిస్తారు. ఆ సంతోషం మీకు తెలియదు.

గోదావరి_ట్రెజరర్
బిల్లు కట్టినవాణ్ణే చెప్తున్నాను. సంతోషంగా ఇచ్చేవాడు దేవునికి ఇష్టం అన్నారు, సిగ్గుపడి ఇచ్చేవాడు కాదు. మైకులో పేరు పిలిస్తే తప్పించుకోలేక పాడేవాళ్లను నేను చూశాను. మర్నాడు ఆ డబ్బు వసూలు చేయడానికి వాళ్లింటికి వెళ్లాల్సింది నేనే.

నల్గొండ_అయ్యగారు
ఇద్దరూ శాంతించండి. పాస్టర్‌గా ఒక మాట. వసూలు అన్నారు కాబట్టి చెప్తున్నాను. ఈ రోజుల్లో చందా రాయించుకునేవాళ్లు ఎక్కువ, ఇచ్చేవాళ్లు తక్కువ. శంకుస్థాపన రోజు ఊపులో లక్ష అంటారు, వెంటనే రాయి మీద చెక్కిస్తారు. తర్వాత పదివేలు వస్తాయి. రాయి మీద పేరు అలాగే ఉంటుంది, మిగతాది ఎవరూ అడగలేరు. మార్చుకునే బోర్డు వల్ల నాకు కనిపించే పెద్ద మేలు ఇదే. రసీదు కోశాకే పేరు ఎక్కాలి. రసీదు పుస్తకం ట్రెజరర్ దగ్గర, బోర్డు తాళం ఇంకొకరి దగ్గర ఉండాలి. 2 రాజులు 12లో మందిరం మరమ్మతు కానుకల కోసం యాజకుడు యెహోయాదా పెట్టెకు బెజ్జం పెట్టి బలిపీఠం పక్కన ఉంచినప్పుడు కూడా రాజు ప్రధాన లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసే లెక్కపెట్టారు.

పేర్లు చూపడం వల్ల దాత పట్ల కృతజ్ఞత తెలుస్తుంది, అది కావాలి. మొత్తాలు సంఘ సమావేశంలో లెక్కల రూపంలో చదవండి. అక్కడ దాపరికం ఉండకూడదు.

డల్లాస్_తెలుగు
మా సొంతూరి గుడికి పంపిన డబ్బుకు నా పేరు పక్కన "యూఎస్ఏ" అని రాయించారు. తర్వాత ఎవరో భయపెట్టారట, విదేశీ విరాళం అని కేసు అవుతుందని. వెంటనే సుద్దతో చెరిపేశారు. నాకు బాధ అనిపించింది. నేను ఏం తప్పు చేశాను?

పల్నాడు_పెద్ద
భయపెట్టింది నిజమే బాబూ. బయటి డబ్బంటే ఇప్పుడు చాలా గట్టిగా ఉన్నారు. బోర్డు మీద దేశం పేరు అసలు వద్దు.

ఆడిట్_అన్న
దయచేసి తెలియకుండా భయపెట్టకండి, భయపడకండి. ఇది నా వృత్తి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే చట్టం దాన్ని విదేశీ విరాళంగా లెక్కించదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాక, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. అప్పుడు సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాకే రావాలి. చూడాల్సింది పాస్‌పోర్టు. బోర్డు మీద చెరిపినంత మాత్రాన లోపల తప్పుంటే పోదు, తప్పు లేకపోతే చెరపనక్కర్లేదు. పంపేవాళ్ల దగ్గర పాస్‌పోర్టు కాపీ ఒకటి తీసుకుని ఫైల్లో పెట్టండి.

ఇంకోటి, "80జీ రసీదు ఇస్తాం, పన్ను తగ్గుతుంది" అని బోర్డు కింద రాస్తున్నారు కొందరు. 80జీ అంటే విరాళానికి ఆదాయపన్ను మినహాయింపు. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేసిన చారిత్రక ప్రార్థనాస్థలాల మరమ్మతులకైతే ఉంది, మామూలు సంఘం హాలుకు లేదు. రాయకండి.

డల్లాస్_తెలుగు
అన్నా, నాది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే. చాలా థ్యాంక్స్. ఈ మాట మా కమిటీకి చూపిస్తాను.

పీ10_మాస్టారు
అసలు విషయానికి వద్దాం. లోపల పెట్టాలంటే మామూలు టీవీ కొని పెన్‌డ్రైవ్‌లో ఫోటోలుగా పేర్లు తిప్పండి. తెలుగు అక్షరం ఫోటోలో చెడిపోదు, రేటూ తక్కువ. ఆరాధన టైములో ఆపేయవచ్చు.

సండేస్కూల్_టీచరమ్మ
టీవీ వద్దనే నా సలహా మాస్టారూ. పేరు వచ్చేదాకా నిలబడి చూడాలి. ముసలివాళ్లు చదివేలోపు స్లైడు మారిపోతుంది. కరెంటు పోతే బోర్డే లేదు. మా దగ్గర ఒక అమ్మ రోజూ వచ్చి చనిపోయిన భర్త పేరున్న ఆకును ముట్టుకుని వెళ్తుంది. టీవీలో పేరును ఎలా ముట్టుకుంటుంది?

పీ10_మాస్టారు
సిస్టర్, అట్ట ఆకులు వానాకాలం తేమకు ముడుచుకుపోతాయి. ప్రతి నెలా కత్తిరించేది ఎవరు? పిల్లలు పరీక్షల్లో ఉంటే? పెద్ద సంఘానికి ఆ పద్ధతి కుదరదు.

సండేస్కూల్_టీచరమ్మ
మాది నూట యాభై కుటుంబాల సంఘం. కుదురుతోంది. పరీక్షలప్పుడు యూత్ వాళ్లు కత్తిరిస్తారు.

మెదక్_మేస్త్రి
కరెంటు, అట్ట రెండూ వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. ప్రతి గుళ్లో కీర్తనల నంబర్లు పెట్టే చెక్క బోర్డు ఉంటుంది కదా, గాడిలో నంబరు పలకలు జరుపుతాం. అదే పద్ధతిలో అల్యూమినియం చానెల్ వరసగా గోడకు బిగించి, అక్రిలిక్ పట్టీ మీద పేరు స్టిక్కరు వేసి పక్క నుంచి తోసేయొచ్చు. స్టిక్కరు కట్ చేసే షాపులో తెలుగు వత్తులతో సహా శుభ్రంగా వస్తుంది. పేరు మార్చాలంటే ఒక్క పట్టీ తీస్తే చాలు. గోడకు ముందు ప్లైవుడ్ కొట్టి దాని మీద బిగించండి. నేరుగా కొత్త ప్లాస్టరింగుకు కొడితే తేమకు స్క్రూలు వదులైపోతాయి.

కృష్ణాతీరం
అందరికీ కృతజ్ఞతలు. వేలంపాట గొడవ చదివి మా కమిటీలో ఇద్దరు ఇప్పటికే వాదులాడుకుంటున్నారు. చానెల్, పట్టీల పద్ధతి నాకు నచ్చింది. అయ్యగారు చెప్పినట్టు రసీదు కోశాకే పట్టీ, మేస్త్రి గారు చెప్పినట్టు పని ఇచ్చినవాళ్లకూ అదే సైజు పట్టీ అని రేపు ప్రతిపాదిస్తాను. పాత పాలరాయి పలకను కదిలించం. లోపలా వరండాలోనా అన్నది ఎవరూ తేల్చలేదు. పేర్ల వరుస మీద కూడా పేచీ వస్తుంది. అకారాదిగా పెట్టాలా, ఇచ్చిన తేదీ ప్రకారమా?

పల్నాడు_పెద్ద
అకారాది అంటే ఇంటిపేరు ప్రకారమా, సొంత పేరు ప్రకారమా? అది ముందే తేల్చుకోండి. మా దగ్గర దాని మీదే ఒక సమావేశం మొత్తం పోయింది.

గోదావరి_ట్రెజరర్
సొంత పేరు పెట్టండి. ఇంటిపేరు ప్రకారం పెడితే ఒకే కుటుంబం వాళ్లంతా ఒకచోట చేరి బోర్డు వాళ్లదే అన్నట్టు ఉంటుంది. ఇక్కడ మాత్రం పెద్దగారూ నేనూ గొడవ పడం అనుకుంటాను.

పల్నాడు_పెద్ద
పడతాం. ఇంటిపేరు లేకపోతే మా ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు పదిమంది ఉన్నారు, ఎవరిది ఏ పట్టీ?

మెదక్_మేస్త్రి
తేదీ ప్రకారం పెడితే ఎప్పటి పట్టీ అక్కడే ఉంటుంది, కొత్తది చివర చేర్చితే సరి. అకారాదిగా పెడితే ఒక్క పేరు వచ్చినప్పుడల్లా కిందివన్నీ జరపాలి. ఇక చోటు సంగతి: వరండాలో పెట్టండి, కానీ పడమటి ఎండ తగలని గోడకు. ఎండకు స్టిక్కరు రంగు పోతుంది. అన్నా, మీ గోడ పొడవు ఎంతో చెప్పండి, ఎన్ని చానెళ్లు పడతాయో లెక్క వేసి పెడతాను.

కృష్ణాతీరం
ఉత్తరం వైపు గోడ ఖాళీగా ఉంది, ఎండ రాదు. రేపు ఆరాధన అయ్యాక టేపుతో కొలిచి ఇక్కడే రాస్తాను.