'కుడి' కుడిచే చేతి నుంచి వచ్చిన మాటేనా? దేహశాస్త్రంలో దానికి చోటుందా?

గుణుపురం ఉపాధ్యాయుడు:
మా బడిలోని తెలుగు పిల్లల కోసం గుండె బొమ్మను గోడపటంగా గీస్తున్నాము. నేను 'కుడి కర్ణిక', 'ఎడమ జఠరిక' అని పేర్లు రాయగా, తోటి ఉపాధ్యాయులొకరు అభ్యంతరం చెప్పారు. తినడం అనే అర్థంలోని 'కుడుచు' నుంచి పుట్టిన వంటింటి మాట కుడి అనీ, శాస్త్రానికి దక్షిణ, వామ అన్న సంస్కృత పదాలే తగినవనీ వారి వాదన. ఆ వ్యుత్పత్తి నిజమేనా? నిజమైతే అది లోపమవుతుందా? పెద్దలు చెప్పగోరుతున్నాను.

బరంపురం వాసి:
నేను దక్షిణ శబ్దం పక్షాన్నే ఉన్నాను. దానికి లాటిన్‌లో డెక్స్టర్, గ్రీకులో డెక్సియోస్ అనే తోబుట్టువులున్నాయి. గుండె కుడివైపున ఉండే స్థితిని వైద్యులు డెక్స్ట్రోకార్డియా అనడం అందువల్లనే. ఇక కుడుచు వ్యుత్పత్తి నాకు నమ్మకం కలిగించడం లేదు. చేయి కుడుస్తుంది సరే, కుడి కన్ను ఏమి కుడుస్తుంది? కుడి మూత్రపిండం ఏమి కుడుస్తుంది? పైగా కుడుచు నుంచి వచ్చే నామవాచకం కుడుపు గాని కుడి కాదు.

పర్లాకిమిడి వాసి:
బరంపురం వారి చివరి అభ్యంతరం నుంచే మొదలుపెడతాను. పశువులకు పెట్టే కుడితిని తలచుకుంటే, ఆ ధాతువుకు 'కుడి' అన్న రూపం తెలుగులో కొత్తది కాదని నాకు తోస్తుంది. తమిళంలో తాగడానికి వాడే క్రియ కూడా కుడి అనే రూపంలోనే ఉంది. అర్థం విషయంలోనూ మనం ఒంటరివాళ్లం కాము. తమిళుల వాడుకలో కుడిచేతిని 'సోత్తుక్కై', అంటే అన్నం చేయి, అంటారు.

దీనికన్నా బలమైన ఆధారం మరొకటి ఉంది. ఎడమ విషయంలో తెలుగు, తమిళ, కన్నడాలది ఒకే మాట: ఎడమ, ఇడం, ఎడ. కుడి దగ్గరికి వచ్చేసరికి వారు వలం, బల అంటున్నారు, మనం మాత్రం కుడి అంటున్నాము. మనకూ 'వల' ఉండేదనడానికి సాక్ష్యం మన రాతలోనే ఉంది: అక్షరానికి కుడిపక్కన పెట్టే రేఫ గుర్తును వలపలగిలక అన్నాము. కాడికి కట్టిన జతలో కుడి ఎద్దు వలపటిది, ఎడమ ఎద్దు దాపటిది. అంటే పాత మాట రాతలోనూ కాడిలోనూ మిగిలి, మనిషి ఒంటి మీద దాని స్థానాన్ని కుడి ఆక్రమించింది. అన్నం తినే చేయే ఆ మార్పుకు కారణమని అనుకోవడం నాకు సమంజసంగా కనిపిస్తోంది.

కంటికీ మూత్రపిండానికీ ఆ పేరెలా వచ్చిందన్న ప్రశ్న దక్షిణ శబ్దానికీ వర్తిస్తుంది. దక్షుడు, దక్షత అన్న మాటల కుటుంబానికి చెందిన ఆ పదం మొదట నేర్పు గల చేతిని చెప్పి, తరువాతే ఆ పక్కనున్న సమస్తానికీ వ్యాపించింది. ఒక చేయి పనిచేస్తే గౌరవమూ, అదే చేయి ముద్ద కలిపితే అగౌరవమూ ఎలా అవుతాయి? వాడుక మాట గ్రంథానికి పనికిరాదన్న వాదంతో జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిలో ఉంటూ ఈ అభ్యంతరాన్ని నేను అంగీకరించలేను.

రాయగడ వాసి:
ఎక్స్‌రే తీయడం నా వృత్తి కాబట్టి వాడుక సంగతి చెబుతాను. దక్షిణం అంటే మా దగ్గరికి వచ్చే తెలుగువారికి దిక్కే తడుతుంది. తూర్పుకు ముఖం చేసి నిలిచిన మనిషికి కుడివైపు ఉన్నది కనుక ఆ దిక్కుకు ఆ పేరు వచ్చిందన్నది నిజమే గాని, మనిషి పడమటికి తిరిగితే దిక్కు తిరగదు, కుడిచేయి తిరుగుతుంది. ఒడియా వారు ఈ చిక్కును ఎప్పుడో విడదీసుకున్నారు: దిక్కుకు దఖిణ, చేతికి డాహాణ. రెండూ ఒకే సంస్కృత పదం నుంచి వచ్చినవే.

అసలు తికమక మరొకటి. దేహశాస్త్రంలో కుడి అంటే ఎల్లప్పుడూ రోగి కుడే, చూసేవారి కుడి కాదు. ఛాతీ ఫిల్మును లైటుకు పెట్టినప్పుడు గుండె నీడ ఎక్కువ భాగం మన కుడిచేతి వైపు కనిపిస్తుంది. అందుకే ఫిల్ము తీసేటప్పుడు రోగి కుడిపక్కన R అనో, ఎడమపక్కన L అనో సీసపు అక్షరాన్ని పెడతాము. అది మరచిపోతే తరువాత ఏ పక్క ఏదో ఊహించవలసి వస్తుంది. దాపట, వలపట అనే రైతుకు ఈ బాధ లేదు, ఎందుకంటే అతడు ఎద్దుల వెనుక అవి చూసే వైపే చూస్తూ నడుస్తాడు. వైద్యుడు రోగికి ఎదురుగా నిలబడతాడు.

బరంపురం వాసి:
వలపలగిలకను నేను తలచుకోలేదు. వ్యుత్పత్తిపై నా అనుమానం చాలావరకు తగ్గింది. అయితే పై చదువులకు వెళ్లే పిల్లలకు దక్షిణ, వామ కూడా ఒకసారి పరిచయం చేయాలన్న నా మాట మాత్రం అలాగే ఉంచుతున్నాను.

గుణుపురం ఉపాధ్యాయుడు:
తప్పక చేస్తాను. పటంలో కుడి, ఎడమ అనే ఉంచి, కింద 'ఇది బొమ్మలోని మనిషి కుడి, మీ కుడి కాదు' అని పెద్ద అక్షరాలతో రాయిస్తున్నాను. పాఠం చెప్పే రోజున ఒక పిల్లవాడిని తరగతికి ఎదురుగా నిలబెట్టి, వాడు అన్నం తినే చేతిని ఎత్తమంటాను.