నాస్తికుణ్ణి ‘బుద్ధిహీనుడు’ అనేస్తే మన పని అయిపోయినట్టేనా?

ఆలివ్ కొమ్మ:
అందరికీ వందనాలు. గత ఆదివారం మా యవ్వనస్థుల కూడికలో పాస్టరు అయ్యగారు బోర్డు మీద 14వ కీర్తన మొదటి వచనం రాశారు: ‘దేవుడు లేడని బుద్ధిహీనులు తమ హృదయములో అనుకొందురు’. వెనుక బల్ల మీద కూర్చున్న ఒక అమ్మాయి చెయ్యెత్తింది. “అదే వచనం చివర మేలుచేయువాడొకడును లేడని ఉంది కదండీ. మరి నాస్తికురాలైన హేమలతా లవణం స్టువర్టుపురం ఎరుకల కుటుంబాలకు చేసినది మేలు కాదా?” అని అడిగింది. జవాబు రాలేదు, ముగింపు ప్రార్థన జరిగింది. ఆ అమ్మాయి బైబిలు మూసి సంచిలో పెట్టుకున్న తీరు నన్ను ఇంకా వెంటాడుతోంది.

1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా గారు, అంటే హేమలత గారి మామగారు, మనిషి తన బతుకుకు తానే బాధ్యుడని చెప్పారు. తలరాత అనుకుని అంటరానితనాన్ని భరించడం ఆయనకు సహించలేదు. తన కుమార్తెకు దళిత యువకుడితో పెళ్లి చేశారు. ఆయన దేవుణ్ణి ఎందుకు కాదన్నారో వినకుండా ఖండించడానికి నాకు మనసొప్పదు.

నీతిబాట:
వినాలి, సరే. కానీ మంచి పనులు చూసి మూలాన్ని మరిచిపోకూడదు. మనిషి కేవలం మట్టే అయితే ఎరుకల బిడ్డ ప్రాణానికి అంత విలువ ఎక్కడినుంచి వచ్చింది? దేవుని స్వరూపంలో సృజించబడినందువల్ల వచ్చింది. ఆ విలువను నాస్తికులు మన దగ్గరే అప్పు తెచ్చుకున్నారు. పైగా స్టువర్టుపురానికి ముందు వెళ్లింది క్రైస్తవులే, సాల్వేషన్ ఆర్మీవారు.

చీరాల చదువరి:
సోదరా, ముందు వెళ్లిన మాట నిజమే. ఎలా వెళ్లారో కూడా చెప్పుకోవాలి. 1871లో పుట్టి, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తించిన నేరస్థ తెగల చట్టం ఎరుకలవారిని పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టింది. స్టువర్టుపురం ఆ చట్టం కింద వెలసిన సెటిల్‌మెంటు. నివాసులు హాజరు వేయించుకోవాలి, అనుమతి లేనిదే ఊరు దాటకూడదు. ఆ చట్టం రద్దయింది 1952లో. దేవుని స్వరూపం గురించి తెలిసిన మనమే ఆ హాజరు పట్టీ చేతపట్టుకున్నాం. 1970లలో లవణం, హేమలత గార్లు ఆ కుటుంబాల దగ్గరకు వెళ్లి, దొంగతనం మానితే బతుకుతెరువు ఎలాగన్నది వాళ్లతో కలిసి వెతికారు. హేమలత గారు క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుర్రం జాషువా కుమార్తె. నాకు ఇది చిన్న విషయంగా తోచదు.

వేకువ:
నేను విశ్వాసిని కాను, పుట్టింది మాత్రం క్రైస్తవ ఇంట్లోనే. ‘అప్పు తెచ్చుకున్నారు’ అన్న మాట గుచ్చుకుంది. మా నాన్న చివరి నెలల్లో ఆయన పుండ్లు కడిగి కట్టు కట్టింది నేనే. అప్పుడు నాలో ఉన్న ప్రేమ నాది కాదని ఎలా అంటారు?

ఇంకొకటి. లౌకికరాజ్యాన్నీ నాస్తికత్వాన్నీ మీ కరపత్రాల్లో ఒకే గాటన కట్టేస్తున్నారు. నచ్చిన మతాన్ని అవలంబించి ప్రచారం చేసుకునే హక్కును 25వ అధికరణం కింద మీకు ఇచ్చింది లౌకిక రాజ్యాంగమే.

నీతిబాట:
ఆ మాట అన్నందుకు క్షమించండి, వేకువ గారూ. 25వ అధికరణం విషయం మీరన్నదే సరైనది. అయితే ధర్మశాస్త్రం లేనివారి హృదయాల మీద కూడా దాని సారం రాసి ఉందని రోమా 2వ అధ్యాయం చెబుతుంది. మీరు మీ నాన్నగారికి చేసిన సేవను నేను అలాగే అర్థం చేసుకుంటాను. మీరు ఒప్పుకోకపోవచ్చు. నా విశ్వాసం నన్ను వేరే విధంగా చూడనివ్వదు.

వేకువ:
ఒప్పుకోను. కానీ ఇలా చెబితే కూర్చుని వినగలను.

ఆలివ్ కొమ్మ:
నీతిబాట గారూ, అదే రోమా పత్రికలో 3వ అధ్యాయం తీయండి. మేలు చేయువాడు లేడన్న ఆ మాటనే పౌలు యూదులు, గ్రీసుదేశస్థులు అందరికీ వర్తింపజేశాడు. అంటే బోర్డు మీది ఆ వచనం మన బల్లల మీద కూర్చున్నవారికి కూడా. ఏథెన్సులో ఆయన ముందు ఊరు తిరిగి, ‘తెలియబడని దేవునికి’ అని రాసిన బలిపీఠాన్ని చూసి, దానితోనే తన ప్రసంగం మొదలుపెట్టాడు. వారి కవుల మాటనే వారికి గుర్తు చేశాడు.

వచ్చే ఆదివారం రోమా 3 చదవడానికి ఆ అమ్మాయినే నిలబెట్టమని అయ్యగారిని అడిగాను. ఆమె ప్రశ్నకు అరగంట ఇస్తామన్నారు.